ప్రయోగశాలకూ బజారుకూ మధ్య ఒక ఫైలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఆర్. బకాయిల గురించి కార్యదర్శి గారు చెప్పేశారు కనుక నేను వేరే విషయం ఎత్తుకుంటాను. యూనివర్సిటీలో జరిగిన పరిశోధన కంపెనీగా ఎలా మారుతుందన్నది. గుమాస్తాకి ఇదెందుకయ్యా అనకండి. అది కూడా కాగితాల మీదే నడుస్తుంది.

మన హైదరాబాదు సంగతే తీసుకోండి. హెపటైటిస్-బి టీకా ఒకప్పుడు దిగుమతి సరుకు. ఒక్క డోసే వందల రూపాయలు, వేయించుకోవలసినవి మూడు. మన జీతాలకు అందేదా? కె.ఐ. వరప్రసాదరెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. టీకా పరిజ్ఞానం ఇమ్మని అడిగితే విదేశీ కంపెనీవారు చులకనగా మాట్లాడారని ఆయనే చెప్పారు. 1993లో తల్లిగారి పేరిట శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. సొంత ల్యాబు లేదు. మొదట ఉస్మానియా యూనివర్సిటీలో, తరువాత సీసీఎంబీలో చోటు తీసుకుని పని సాగించారు. వైరసు పైపొర ప్రోటీనుకు సంబంధించిన జన్యువును ఈస్టులో పెడితే ఆ ఈస్టే ప్రోటీనును తయారుచేస్తుంది, దాన్ని శుద్ధిచేస్తే టీకా. చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి నాలుగేళ్ళు. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టి ఆదుకున్నారు. 1997లో షాన్‌వాక్-బి 50 రూపాయలకు బజారులోకి వచ్చింది. (2009లో ఆ కంపెనీ ఫ్రాన్సు వారి సనోఫీ చేతికి వెళ్ళింది, అది వేరే కథ.)

నా దృష్టి మాత్రం ఆ గది ఇచ్చిన సంతకం మీదే. ప్రభుత్వ ల్యాబును ప్రైవేటు కంపెనీకి ఇవ్వాలంటే ఎన్ని అభ్యంతరాలు రాయవచ్చో మీకు చెప్పాలా? అద్దె ఎంత? కరెంటు ఎవరి ఖాతా? ఆడిట్ వారికి జవాబు ఎవరు చెబుతారు? అయినా ఎవరో ఒకరు "ఇవ్వవచ్చును" అని రాసే ఉంటారు. అలాంటి సంతకాలకు ఎవరూ సన్మానం చేయరు.

అమెరికాలో 1980లో బే-డోల్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో చేసిన పరిశోధనపై పేటెంటును యూనివర్సిటీయే ఉంచుకోవచ్చు. గూగుల్ వెతుకులాట పద్ధతి పేటెంటు స్టాన్‌ఫర్డ్‌ది. లైసెన్సు ఇచ్చి వాటాలు పుచ్చుకుంది, అవి అమ్మితే 33 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. మన దగ్గర అటువంటి బిల్లు 2008లో రాజ్యసభకు వచ్చింది గానీ చట్టం కాలేదు. అందుకని ప్రతి సంస్థ నిబంధనలూ విడివిడిగా చదువుకోవలసిందే.

ఇదంతా నేను తిరగేయడానికి కారణం మా మనవరాలు. కెమిస్ట్రీలో పిహెచ్.డి. చేస్తోంది. నల్లగొండ వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో రంగు మారి చెప్పే కాగితపు పట్టీ చేశారు, తనూ వాళ్ళ గైడూ. కంపెనీ పెడతామంటోంది. మా అబ్బాయి ముందు ఉద్యోగం చూసుకోమంటాడు. అది నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, నీ ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి ఇస్తావా?" అంది.

డబ్బు తరువాత, కాగితాలు తెమ్మన్నాను. పేటెంటు ఎవరి పేరున? యూనివర్సిటీ పేరున. వ్యాసం అచ్చయిందా? లేదు, దరఖాస్తు ముందే వేశారట. బతికించారు! అచ్చయ్యాక వేస్తే కొత్తదనం పోయిందని తోసిపుచ్చే ప్రమాదం ఉంది. లైసెన్సు ఎన్నేళ్ళకు, ఇతరులకూ ఇస్తారా? ఆ గళ్ళు ఖాళీగా ఉన్నాయి. గైడు గారు బదిలీ అయితే? దాని ఊసే లేదు.

ముసాయిదా మార్జిన్లలో ఎర్ర సిరాతో పదకొండు నోట్లు రాశాను. సోమవారం రిజిస్ట్రారు గారి దగ్గరకు తనతో నేనూ వెళుతున్నాను. డిపాజిట్ రసీదు కూడా అదే ఫైల్లో పెట్టాను, వెనక సంతకం ఇంకా చేయలేదు. మా ఆవిడకు ఈ సంగతి ఇప్పుడే, ఈ సభలోనే తెలుస్తోంది.