ఓడినవాని ధరావతు

(పఠనమందిర సభయందు ఒక న్యాయవాది గావించిన యుపన్యాసము)



తమిళనాడున మేట్టూరులో టైర్లు బాగుచేయు అంగడిగల పద్మరాజన్ అను వ్యాపారి యున్నారు. 1988 మొదలు చట్టసభలకును, రాష్ట్రపతి పదవికిని రెండువందల పర్యాయములకు మించి నామపత్రములు దాఖలు చేసిరి. ఒక్కమారును గెలువలేదు. 1991 నంద్యాల ఉపయెన్నికలో ప్రధానమంత్రి పి. వి. నరసింహారావుగారిపై సయితము నిలిచిరి.

ఇట్టివారిని జూచి మనము నవ్వుదుము. నవ్వుటకు ముందు చట్టమును చూడుడు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి, చెల్లిన వోట్లలో ఆరవవంతుకు మించి రానిచో అభ్యర్థి ధరావతు ప్రభుత్వమున కగును. లోకసభకు మొదట 500 రూపాయలుగా నున్న యా ధరావతు నేడు 25,000. షెడ్యూల్డు కులములకును, తెగలకును అందు సగము.

1996లో నల్లగొండ లోకసభ స్థానమునకు 480 మంది నిలిచిరి. ఫ్లోరైడు నీట ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు దేశమునకు వినిపించుటయే వారిలో పెక్కుమంది యుద్దేశము. ఆ యేటనే చట్టము సవరించి ధరావతును 10,000 చేసిరి. మంచినీరు చేరుటకు ఏండ్లు పట్టెను. ధరావతు పెరుగుటకు నెలలు చాలెను!

2019లో నిజామాబాదున 185 మంది నిలిచిరి. పసుపు రైతులే అధికము. బోర్డు కావలెననిరి, ఓడిరి. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఆ నగరముననే ప్రారంభమయ్యెను. ఆ పోటీయే దానిని తెచ్చినదని నేననను. ఓడినవారి కోరికయు వ్యర్థము కాదని మాత్రమందును.

స్వచ్ఛంద సేవకుడనై నేనొకప్పుడు వోట్లెంచు బల్లకడ గూర్చుంటిని. మాటిమాటికి నిలిచి యోడు నొక పెద్దమనిషికి ఆనాడు తొంబది వోట్లు వచ్చెను. "వకీలుగారూ, ఆ తొంబదిమంది యెవరో తెలిసిన ఇంటికి బోయి దండము పెట్టి వత్తును" అనెను. నాడు నవ్వితిని, నేడు సిగ్గుపడుచున్నాను.

సోదరులారా! పేరుకై నిలుచువారును గలరు, కాదనను. కాని ధరావతు కొలుచునది సంచి బరువునే కాని చిత్తశుద్ధిని గాదు. డబ్బుగల డాంబికుని అది యాపదు. అప్పుల రైతు నాపును. నేడు స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు చాలుదురు. వేళాకోళపు పోటీలను తగ్గింపవలెనన్నచో ఆ సంఖ్యను వందకు పెంచుడు, ధరావతును తగ్గింపుడు. తోడి వోటర్లు నూర్గురు సంతకము చేసినవానిని ఎన్నిమారు లోడినను నవ్వులపాలు చేయు హక్కు మనకు లేదు.