చదివి సంతకం పెట్టండి

 

సెల్‌ఫోనులో తీసి పంపిన ఫోటో ఎక్కడ ఉంటుంది? గాలిలో ఉండదు. డేటా సెంటరులో ఉంటుంది. అది పెద్ద భవనం. నిండా కంప్యూటర్లు. రాత్రింబవళ్లు నడుస్తాయి, వేడెక్కుతాయి. వాటిని చల్లబరచాలంటే కరెంటు కావాలి. చాలాచోట్ల నీళ్లు కూడా కావాలి. కట్టడానికి భూమి కావాలి.

2025 అక్టోబరులో గూగుల్ కంపెనీ విశాఖపట్నంలో డేటా సెంటరు పెడతామని చెప్పింది. కంపెనీ వస్తే పని దొరుకుతుందంటారు. దొరికితే మంచిదే. కానీ ఎవరి భూమి? ఏ చెరువు నీళ్లు? ఎన్ని చెట్లు పోతాయి? ముందే అడగాలి. చెట్టు కూలాక అడిగితే లాభం లేదు.

హైదరాబాదులో ఏం జరిగిందో చూడండి. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమి ఉంది. అక్కడ చెట్లున్నాయి, నెమళ్లున్నాయి, జింకలున్నాయి. ఐ.టి. కంపెనీల కోసమని 2025 మార్చి చివర బుల్డోజర్లు దిగాయి. పక్కనున్న యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలిచారు. కొందరు కోర్టుకెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి.

అడవి పక్క ఊళ్లకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అడవిని కాపాడే అధికారం అది గ్రామసభకు ఇచ్చింది. ఊళ్లో పెద్దవాళ్లంతా, ఆడా మగా, సభ్యులే. సభకు సగం మందైనా రావాలి. వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి.

అందుకే సభకు వెళ్లండి. కాగితం చదవండి. అర్థం కాకపోతే అడగండి. ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి. నేర్చుకున్న అక్షరం అందుకే!