సౌండ్ తగ్గించమని అడగగలిగేది ఎవరు?

(బస్సు ప్రయాణాల్లో స్త్రీల సమస్యలపై హైదరాబాద్‌లో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బస్సుల్లో స్త్రీల ఇబ్బందులు అనగానే మనం మామూలుగా మాట్లాడుకునే విషయాలు కొన్ని ఉన్నాయి. సీట్లు, రద్దీ, చేతులు వేసేవాళ్ళు, చీకటి పడ్డాక దొరకని బస్సులు. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఇవాళ చూడ్డానికి చాలా చిన్నదిగా కనిపించే విషయం ఒకటి తీసుకున్నాను. బస్సులో పదిమందికీ వినిపించేలా ఫోన్ మోగించడం. ఈ మాట చెప్పగానే ఒక మిత్రురాలు, "అది హక్కుల సమస్య ఎట్లా అవుతుంది? మర్యాద తెలియకపోవడం, అంతే కదా" అంది. మర్యాద సమస్యే అయితే మర్యాదగా అడిగితే తీరిపోవాలి. అడగడానికి మనకు నోరెందుకు రావడం లేదో కాస్త ఆలోచిద్దాం.

సాయంత్రం ఆరు గంటలకు ఉప్పల్‌లో మెహిదీపట్నం బస్సెక్కితే గంటకు పైగా ప్రయాణం. ఒకరి ఫోన్లో క్రికెట్, ఒకరి ఫోన్లో రాజకీయ నాయకుడి తిట్లు, వెనక సీట్లో కుర్రాడి ఫోన్లో అరనిమిషం పాట ముక్క, అదే ముక్క మళ్ళీ మళ్ళీ. ఫోన్ స్పీకరు చిన్నది కాబట్టి అందులోంచి కింది స్వరాలు సరిగా రావు, కీచుమనే శబ్దమే ఎక్కువ వస్తుంది. అందుకే అది ఇంజను హోరును కూడా చీల్చుకుని చెవికి తగులుతుంది.

బస్సులో బలవంతపు శబ్దం ఈ తరం కనిపెట్టింది కాదు. 1990లలో దూరప్రయాణాలు చేసినవాళ్ళకు వీడియో కోచ్‌లు గుర్తుండే ఉంటాయి. రాత్రి పొద్దుపోయేదాకా సినిమా. అందులో మానభంగం సీను, దాని వెనకే కామెడీ. ఒడిలో ఆడపిల్లను పెట్టుకున్న తల్లి కళ్ళు మూసుకున్నా వినక తప్పేది కాదు. ఏ క్యాసెట్ పెట్టాలో, ఎంత గట్టిగా పెట్టాలో డ్రైవరు, క్లీనరు నిర్ణయించేవారు. తగ్గించమంటే "డ్రైవరు నిద్రపోకూడదు కదమ్మా" అని జవాబు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ప్రతి సీటూ ఒక వీడియో కోచ్ అయింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించారు, దాని జాగాలోకి రీల్స్, షార్ట్స్ వచ్చాయి. కొత్త ఫోన్ పెట్టెలో ఇయర్‌ఫోన్లు ఇవ్వడం కూడా కంపెనీలు చాలావరకు మానుకున్నాయి. బస్సులో మనుషుల్ని తిట్టుకునేటప్పుడు ఈ కంపెనీలు మనకు గుర్తుకు రావు.

అందరి ఫోన్లూ ఒకలాగే మోగుతాయా? రోజూ బస్సెక్కే మనిషిగా నేను చూసింది చెబుతాను. స్త్రీ ఫోన్ మోగితే ఉలిక్కిపడి సంచిలో వెతుక్కుంటుంది, కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది, వీడియో చూస్తే ఫోన్ను చెవి దగ్గరికి తెచ్చుకుంటుంది. మగవాడు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నట్టే శబ్దాన్ని కూడా చాపుకుంటాడు. ఇది ఒక్కొక్కరి స్వభావం అనుకోవద్దు. నవ్వు నాలుగు విధాల చేటు అనే సామెత అందరి మీదా చెప్పిందే అయినా ఇంట్లో దాన్ని వాడేది ఆడపిల్ల మీదే. గొంతు వీధిలోకి వినపడకూడదని పెంచిన పిల్లకు, తన గొంతూ తన ఫోనూ బయటి జాగాను ఆక్రమించుకోవచ్చునన్న ఊహే రాదు. మగపిల్లవాడికి ఆ అనుమానం ఎప్పుడూ రానివ్వలేదు.

ఇక అడగడం సంగతి. మన భాషలో స్త్రీ ఎలా అడుగుతుందో గమనించండి. "అన్నా, కొంచెం సౌండ్ తగ్గిస్తారా?" తనకంటే రెండేళ్ళు చిన్నవాణ్ణి కూడా అన్నా అంటుంది. పెద్దావిడైతే బాబూ, నాయనా అంటుంది. హక్కు అడగాలంటే ముందు చుట్టరికం కలుపుకోవాలి. చుట్టరికం కలిపితే చెల్లెలిగా చూస్తాడేమోనన్న ఆశ, ఆ మాట అడ్డం పెట్టుకుని తనను తాను కాపాడుకోవడం కూడా. నా విద్యార్థిని ఒకమ్మాయి అలాగే అడిగింది. అతను తగ్గించాడు. ఆమె ముందుకు తిరగ్గానే ఇంకా పెంచాడు, పక్కనున్న స్నేహితులు నవ్వారు. పాట మార్చాడు, అది ఎలాంటి పాటో మీరు ఊహించుకోవచ్చు. ఆమె స్టాపులో వాళ్ళూ లేచారు. ఆమె దిగలేదు, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది. ఆ తర్వాత ఆమె ఎవర్నీ అడగలేదు. అడిగే ముందు ప్రతి స్త్రీ వేసుకునే లెక్కలున్నాయి. తాగి ఉన్నాడా, ఒక్కడేనా, నేను దిగేచోట వెలుతురు ఉందా, పక్కవాళ్ళు పలుకుతారా. మగవాడు అడిగేముందు ఇందులో ఒక్క లెక్క వేస్తాడేమో.

"మీరే ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చుగా" అనే సలహా ఒకటి వస్తుంది. పైట సరిగా వేసుకోమన్న సలహాకూ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించదు. చేసేవాణ్ణి వదిలి, పడేవాళ్ళను సర్దుకోమనడమే. పైగా బస్సులో ఆడపిల్లలు రెండు చెవులూ మూసుకోలేరు. ఒకటే పెట్టుకుంటారు. రెండో చెవి వెనక ఎవరున్నారో, ఏమంటున్నారో, కండక్టరు ఏ స్టాపు పిలిచాడో వినడానికి. కొందరైతే పాటేమీ లేకుండానే వైరు తగిలించుకుంటారు, మాటలు వినపడనట్టు నటించడానికి.

శబ్దానికీ స్త్రీల భద్రతకూ సంబంధం నేను కల్పించి చెబుతున్నది కాదు. 1998 జనవరి 3 నాటి పత్రికల్లో ఒక వార్త వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల మీద అత్యాచారం జరిగింది. ఆమె కేకలు ఆ దగ్గర్లో లౌడ్‌స్పీకర్లో మోగుతున్న పాటల హోరులో ఎవరికీ వినిపించలేదు. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. దాని మీద ఒక ఇంజనీరు వేసిన పిటిషన్‌లోనే 2005 జూలై 18న సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం మీద పెద్ద తీర్పు ఇచ్చింది. మాట్లాడే స్వేచ్ఛ పేరుతో యంత్రం పెట్టి శబ్దం పెంచే హక్కు ఎవరికీ లేదని, ఇష్టం లేనివాళ్ళ చేత బలవంతంగా వినిపించే హక్కు అసలే లేదని అందులో చెప్పింది. లౌడ్‌స్పీకర్లు, టపాకాయలు, రాత్రి పది గంటల నిబంధన, ఇవి అందరికీ గుర్తున్నాయి. తీర్పు మొదట్లోనే ఉన్న ఆ పిల్ల గుర్తులేదు.

బస్సులో విషయం ఇంకో దేశంలో కోర్టుకెక్కింది. వాషింగ్టన్ నగరంలో బస్సులు, ట్రాములు నడిపే కంపెనీ వాటిలో రేడియో మోగించేది. 1952లో అమెరికా సుప్రీంకోర్టు అందులో తప్పు లేదంది. జస్టిస్ డగ్లస్ మాత్రం విభేదించాడు. వేరే దారి లేక ఎక్కిన ప్రయాణికులు లేచి వెళ్ళిపోలేరు, వినక తప్పని స్థితిలో చిక్కుకుంటారన్నాడు. జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ అయితే ఆ రేడియోతో తానే విసిగిపోయి ఉన్నానని, నిష్పక్షపాతంగా తీర్పు చెప్పలేనని కేసు నుంచే తప్పుకున్నాడు. న్యాయమూర్తి విసుగు రికార్డుకెక్కింది. మన విసుగు "అడ్జస్ట్ అవ్వమ్మా" దగ్గర ఆగిపోతోంది.

మన చట్టంలో శబ్దం అనే మాట ఉందని చాలామందికి తెలియదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్, అంటే పాత 509, స్త్రీని అవమానించే ఉద్దేశంతో ఆమెకు వినపడాలని అనే మాటనూ, చేసే శబ్దాన్నీ నేరం అంటుంది. మూడేళ్ళదాకా శిక్ష. ఇష్టం లేని స్త్రీకి అశ్లీల దృశ్యాలు చూపించడం 75వ సెక్షన్ కిందికి వస్తుంది. కానీ నేను చెప్పిన అమ్మాయి కేసు పెడితే ఉద్దేశం రుజువు కావాలి. "నా ఫోన్లో నేను పాట విన్నాను" అంటాడు అతను. సినిమా హాల్లో, పెళ్ళిలో, టీవీలో అందరూ విన్న పాటే. బూతు పాటను మామూలు పాటగా చేసిపెట్టిన సమాజంలో ఉద్దేశం ఎక్కడని వెతుకుతాం? అందుకే ఈ విషయంలో నేరచట్టం కంటే బస్సులో ఉండే మామూలు నిబంధన ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

బీడీ సంగతి గుర్తు తెచ్చుకోండి. ఒకప్పుడు బస్సులో బీడీ కాల్చేవాళ్ళను చంటిపిల్లల తల్లులు ఏమీ అనలేకపోయేవారు, ముఖం తిప్పుకుని కొంగు అడ్డం పెట్టుకునేవారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బస్సులు, రైళ్ళతో సహా బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది, 2003లో చట్టం వచ్చింది, 2008 అక్టోబరు 2 నుంచి నియమాలు గట్టిగా అమలు చేశారు. జరిమానాలు కట్టినవాళ్ళు ఎందరోగానీ, "బస్సులో తాగకూడదయ్యా" అనే మాట స్త్రీల నోటికి వచ్చింది. ఆ మాట తన కోరిక కాదు, రూలు. కోరిక అయితే బతిమాలాలి, అన్నా అనాలి.

ఇంతవరకూ మీరంతా తలలూపుతున్నారు. ఇప్పుడు చెప్పేది అంత ఇష్టంగా ఉండకపోవచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక బస్సుల్లోకి స్త్రీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. అప్పటినుంచీ ఒక మాట వింటున్నాం. "ఫ్రీ బస్సు కదా, ఎక్కి ఒకటే గోల." స్త్రీలు నలుగురు నవ్వుకుంటే గోల, మగవాడి ఫోన్లో క్రికెట్ మోగితే కాలక్షేపం. శబ్దం మీద ఫిర్యాదు చాలాసార్లు మనుషుల మీద ఫిర్యాదే. ఇళ్ళలో పనిచేసే ఆమె ఊళ్ళో ఉన్న కూతురు పంపిన వాయిస్ మెసేజి స్పీకర్లో వింటుంది. ఆమెకు రాసింది చదవడం రాదు, ఫోన్లో మనిషి గొంతే ఉత్తరం. ఆ ఫోన్ కూడా ఆమెదో, కొడుకుదో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతమే. చెవి సరిగా వినపడని ముసలమ్మ స్పీకరు పెట్టకుండా ఎలా మాట్లాడుతుంది? ఆఫీసుకు పోయే చదువుకున్న స్త్రీలం మనం కూడా ఆమెను చూసి ముఖం చిట్లిస్తాం. కుర్రాళ్ళ గుంపును ఏమీ అనలేని మనం ఆమెను మాత్రం చటుక్కున "అమ్మా, సౌండ్ తగ్గించు" అంటాం. ఏకవచనంలో.

కాబట్టి నిబంధన వస్తే ముందు ఎవరి మీద పడుతుందో ఆలోచించి రాయించుకోవాలి. కర్ణాటకలో 2021 నవంబరులో హైకోర్టు ఆదేశం తర్వాత ఆర్టీసీ బస్సుల్లో స్పీకర్లో పాటలు, వీడియోలు పెట్టడాన్ని నిషేధించారు. చెప్పినా వినకపోతే కండక్టరు బస్సు దింపేయొచ్చు. ముంబయిలో బెస్ట్ సంస్థ 2023లో ఇలాంటి ఉత్తర్వే ఇచ్చింది. 2022 జనవరిలో రైల్వే శాఖ రాత్రి పది తర్వాత పెట్టెల్లో పాటలు, గట్టి మాటలు కూడదంది. ఇవి మంచి ప్రయత్నాలే. దింపేయడం మాత్రం నాకు నచ్చలేదు. రాత్రి తొమ్మిదింటికి దారి మధ్యలో దిగమంటే మగవాడు ఇంకో బస్సెక్కుతాడు. స్త్రీని, ముసలివాళ్ళను దించితే? హెచ్చరించాలి, అప్పటికీ వినకపోతే జరిమానా రాయాలి.

కండక్టర్ల సంగతి కూడా మరవొద్దు. నిండు బస్సులో ప్రతి స్త్రీకీ జీరో టికెట్ కొట్టాలి, చిల్లర చూడాలి, తలుపు దగ్గర వేలాడేవాళ్ళను లోపలికి పిలవాలి. అందులో చాలామంది స్త్రీలే. తాగినవాడి ఫోన్ ఆపించే పనికూడా ఒంటరిగా ఆమె మీదే పెడితే, మన భయాన్ని ఇంకో స్త్రీకి బదిలీ చేసినట్టే. బస్సులో మైకు ఉన్నచోట బయలుదేరేటప్పుడే ప్రకటన చేయొచ్చు. డ్రైవరు తన ఫోన్, తన పాటా ఆపడంతో మొదలుపెట్టాలి. గొడవైతే డిపో నుంచి వెంటనే పలికే నంబరు ఒకటి కండక్టరు దగ్గర ఉండాలి, ఫిర్యాదు చేసిన ఉద్యోగినినే తర్వాత సంజాయిషీ అడగకూడదు.

బోర్డు మీద ఏం రాయాలన్నది కూడా ముఖ్యం. మన ఆర్టీసీ బస్సుల్లో ఏళ్ళ తరబడి చదువుతున్నాం, స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం, వారి సీట్లలో వారినే కూర్చోనిద్దాం అని. అది మగవాళ్ళు మగవాళ్ళతో మాట్లాడుకుంటున్న వాక్యం. సీటు నియమం ప్రకారం మనది, ఆ వాక్యం మాత్రం వాళ్ళ దయలాగా చెబుతుంది. ఫోన్ల గురించి రాసే బోర్డు అలా ఉండొద్దు. "బస్సులో ఫోన్ స్పీకర్ పెట్టరాదు. ఎవరైనా ఆపమని అడగవచ్చు" అని ఉంటే చాలు. రెండో వాక్యం తప్పకుండా ఉండాలి.

డిపో మేనేజర్లకు ఇవ్వడానికి ఒక వినతిపత్రం చిత్తుప్రతి రాసి తెచ్చాను, అందరికీ పంచుతున్నారు. వాయిస్ మెసేజీలకు మినహాయింపు ఉండాలా వద్దా అన్నచోట ఖాళీ వదిలాను. ముందు కండక్టర్ అక్కలు మాట్లాడితే బాగుంటుంది.