ఎముకకు కళ్లెము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలు తునికాకు చేటను ఒడిలో నుంచుకొని దినమంతయు నడుము వంచి కూర్చుందురు. అట్టి తల్లి ముసలితనమున గడప కడ జారి తుంటి యెముక విరిగినచో, "కర్మము" అని మంచమున పరుండబెట్టుట లోకాచారము. అది కర్మము గాదు. తరచుగా బోలు ఎముకల వ్యాధి.

ఎముక రాయి వంటిది కాదు. కొన్ని కణములు పాత యెముకను కరగించుచుండ, కొన్ని క్రొత్తది కట్టుచుండును. స్త్రీలకు ముట్లుడిగిన పిదప కరగుట హెచ్చి, కట్టుట వెనుకబడును.

దక్షిణాఫ్రికాలో కొన్ని కుటుంబములవారి యెముకలు మితిమీరి దట్టమగుట వైద్యులు కనిరి. 2001లో కారణము తేలినది: స్క్లిరోస్టిన్ అను పదార్థమును పుట్టించు జన్యువు చెడియుండెను. ఆ పదార్థము ఎముక పెరుగుదలకు కళ్లెము. కళ్లెము లేనిచో కపాలాస్థి పెరిగి నరముల నొత్తి వినికిడిని సైతము హరించును. కావున దానిని త్రెంపరాదు, కొంతకాలము సడలింపవలెను. అట్లు సడలించు రోమోసోజుమాబ్ అను మందు 2019లో అమెరికాలో ఆమోదము పొందినది. నెలకొకమారు, 12 నెలలు మాత్రమే యిత్తురు. గడచిన యేడాదిలో గుండెపోటు వచ్చినవారికి అది కూడదు.

ఆ మందు అందరికి అందునది కాదు. తైదలు, నువ్వులు, పాలు, ఎండ, నడక అందునవి. పడిన అవ్వను మంచమునకు విడువక వెంటనే వైద్యుని కడకు గొనిపోవుట ప్రతి యింటి ధర్మము.