లోపలికి దిగిన మనిషి పేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



'పనిచేసే చోట నాయకత్వం, విలువలు' అనే అంశం మీద మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. నేను డ్రైనేజీ లైన్లు వేసే ఇంజనీరును. దాదాపు ముప్పై ఏళ్లుగా భూమి కింది పనే. నాయకత్వం గురించి చక్కగా చెప్పగలిగేవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను ఒక మ్యాన్‌హోల్ సంగతి చెప్తాను.

1996 ఎండాకాలం. శాలిబండ దగ్గర ఒక గల్లీ. అప్పుడు నాకు 26 ఏళ్లు, ఒక కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజనీరును. పాత లైను జామ్ అయి మురుగు ఇళ్ల ముందుకు వచ్చింది. రెండు రోజుల్లో పెళ్లి ఉన్న ఇల్లు ఆ గల్లీలోనే ఉంది. వాళ్ల తిట్లు ఒకపక్క, ఆఫీసు వాళ్ల తొందర ఒకపక్క. పెద్ద యంత్రం ఆ మలుపు తిరగదు. "మూతలు తీసి గంటసేపు ఆగుదాం సార్, గ్యాస్ పోవాలె" అన్నాడు మేస్త్రీ. నేను గడియారం చూసుకున్నాను. "ఆగేది లేదు, దింపు" అన్నాను.

దిగిన మనిషి నాలుగైదు నిమిషాలకే పలకడం మానేశాడు. నడుముకు తాడు ఉంది కాబట్టి నలుగురూ కలిసి పైకి లాగారు. ఆ తాడు నేను చెప్పి కట్టించింది కాదు, మేస్త్రీ అలవాటు. ఆటోలో వేసుకుని, మదీనా మీదుగా నయాపూల్ దాటి ఉస్మానియా క్యాజువాలిటీకి పరుగెత్తాం. చీటీ రాసే ఆయన తలెత్తకుండానే "పేరు?" అన్నాడు.

నాకు తెలియదు. మూడు నెలలుగా నా సైట్లో పనిచేస్తున్న మనిషి. వారం వారం కూలీ షీటు మీద సంతకం పెట్టేది నేనే. అందులో పేరు ఉంది. ఎప్పుడూ చదవలేదు. వెనక ఇంకో ఆటోలో వచ్చిన మేస్త్రీ చెప్పాడు.

అతను బతికాడు. కానీ ఆ రాత్రి రిపోర్టు రాయాలి కదా. "వద్దని చెప్పినా వినకుండా దిగాడు" అని రాసి సంతకం పెట్టాను. అలా రాయమని నాకు ఎవరూ చెప్పలేదు.

మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన కోడిగుడ్డు వాసన ఉంటుంది. అయితే తక్కువగా ఉన్నప్పుడే ఆ వాసన తెలుస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన పోయింది కదా అని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 కన్నా తగ్గితే లోపలికి పోకూడదు. కాపాడబోయి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోయిన వార్తలు మీరూ పేపర్లలో చదివే ఉంటారు. ఇవన్నీ నేను కాలేజీలో చదువుకున్నవే. మేస్త్రీ ఐదో తరగతితో ఆపేసినవాడు. ఆ రోజు నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది, పక్కన పెట్టాను.

మన తెలుగు సారు హాజరు తీసేటప్పుడు నంబర్లు పిలిచేవారు కాదని మీకు గుర్తుండే ఉంటుంది. అరవై మందినీ ఇంటిపేర్లతో సహా పిలిచేవారు. రానివాడి సంగతి పక్కవాణ్ణి అడిగేవారు. పది నిమిషాలు దానికే పోయేవి. పాఠం తగ్గిందని మేం సంబరపడేవాళ్లం. రిపోర్టు రాసిన రాత్రే సారు గుర్తొచ్చారని చెప్తే వినడానికి బాగుంటుంది గానీ, అది నిజం కాదు. మూడు వారాల తర్వాత, కూలీ షీటులో ఆ పేరు కొట్టేసి ఉండడం చూసినప్పుడు గుర్తొచ్చారు. నా రిపోర్టు చూసే అతన్ని పనిలోంచి తీసేశారు.

దిగమన్నది నేనేనని రాసిచ్చాను. ఆ ఏడాది ఇంక్రిమెంటు రాలేదు. అతనికి ఆస్పత్రి రోజుల కూలీ ఇచ్చారు, పనిలోకి మళ్లీ రమ్మన్నారు. అతనే రానన్నాడు. పండ్ల బండి పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్లి తప్పయిపోయిందని చెప్పాను. వాళ్లావిడ చాయ్ ఇచ్చింది. అతను ఏమీ అనలేదు. ఇవాళ్టికీ ఏమీ అనలేదు. పేరు ఇక్కడ చెప్పను, అతని పిల్లలు ఈ బస్తీల్లోనే ఉన్నారు.

అప్పట్నుంచి నా సైట్లలో పొద్దున్నే పేర్లు పిలిచేది నేనే. గ్యాస్ మీటరు చూడకుండా మూత దగ్గరికి ఎవరూ పోరు. అనుమానం వస్తే పని ఎవరైనా ఆపొచ్చు. ఒకసారి ఒక కుర్రాడు ఉత్త అనుమానంతో సగం రోజు ఆపించాడు. చూస్తే ఏమీ లేదు. క్రేన్ అద్దె దండగ. లోపల మండిపోయింది గానీ ఒక్క మాట అనలేదు. అంటే ఆ తర్వాత ఎవరూ నోరు తెరవరు.

ఈ పని చేసేవాళ్ల గురించి నాకన్నా ముందు ఆలోచించినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. సాంఘిక సంక్షేమ శాఖ చూసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు, బెజవాడ విల్సన్‌తో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్‌కు అండగా నిలిచారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్న మనిషి ఆయన. 2010లో పోయారు. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని నేరం చేసిన చట్టం 2013లో వచ్చింది. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది.

పెద్ద యంత్రం మలుపు తిరగదన్నాను కదా. 2017లో మన జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీ తోడ్పాటుతో, ఇరుకు గల్లీల్లోకి పోయే చిన్న జెట్టింగ్ యంత్రాలు 70 తెచ్చింది. రెండేళ్లకు ఢిల్లీ వాళ్లు కూడా ఇలాంటివి తెచ్చుకున్నారు. గల్లీ ఎటూ వెడల్పు కాదు, బండినే చిన్నది చేయాలన్న ఆలోచన రావడానికి మా ఇంజనీర్లకు ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో నాకు తెలుసు. లోపలికి దిగేది మేం కాదు.

చివరగా సంఘం వారికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో బడిలో కొత్త బాత్‌రూములు కడుతున్నారు. దానికి ముందు వెనకున్న పాత లైను, చాంబర్లు శుభ్రం చేయించాలి. తక్కువకు చేస్తానని ఎవరో ఒకరు వస్తారు, ఇద్దరు మనుషుల్ని తెస్తారు. ఒప్పుకోవద్దు. జలమండలి 155313కు ఫోన్ చేసి యంత్రం తెప్పిద్దాం. ఏ రోజన్నది ముందే చెప్పండి, సెలవు పెట్టి వస్తాను. మీటరు నాదే తెస్తాను.