గొంతూ వాయిద్యమే

చెన్నూరులోనైనా, ప్రొద్దుటూరులోనైనా పెళ్లిలో పాటకచ్చేరి పెడితే ఒక మాట వినబడుతుంది: “కీబోర్డు, తబలా వాయించేవాళ్లే అసలు సంగీతకారులు. పాడేవాళ్లదేముంది, గొంతుంటే చాలు!” ఇది ఎంతవరకు నిజం?

మన కడప సీమలోని తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య పాట రాశాడు, వరుస కట్టాడు, తానే పాడాడు. అందుకే ఆయన వాగ్గేయకారుడు. సినిమా వచ్చాక ఈ పనులు ముగ్గురి చేతుల్లోకి వెళ్లాయి. దాంతో గాయకుడు చెప్పింది పాడిపోయే మనిషిలా కనబడుతున్నాడు.

కానీ ఘంటసాలను చూడండి. విజయనగరంలో సంగీతం చదువుకుని, 1951లో పాతాళభైరవికి తానే సంగీతం కూర్చారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యమేమో శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. అయినా శంకరాభరణం పాటలతో జాతీయ అవార్డు అందుకున్నారు, ఎన్నో సినిమాలకు బాణీలూ కట్టారు.

ఈసారి పాట వింటున్నప్పుడు పల్లవి రెండోసారి వచ్చే చోట చెవి పెట్టండి. వరుస అదే. కానీ ఒక అక్షరం కాస్త సాగుతుంది, ఒక చిన్న గమకం పడుతుంది, మాట విరగకుండా ఊపిరి అందుతుంది. శ్రుతి, లయ తెలియనిదే అది కుదరదు.

మన కాపీరైట్ చట్టం కూడా గాయకుణ్ని, వాద్యకారుణ్ని ఇద్దరినీ ప్రదర్శకులుగానే గుర్తించింది. 2012 సవరణ వాళ్లకు రాయల్టీ హక్కూ ఇచ్చింది. వాయిద్యం చేతిలో ఉందా, గొంతులో ఉందా అన్నదొక్కటే తేడా.