రోము ముద్ర చెల్లని ఊరు



17వ శతాబ్దంలో ఈ ఏలూరు, కొల్లేటి లంకలు, తాడేపల్లిగూడెం వైపు పల్లెలు గోల్కొండ ఏలుబడిలో ఉండేవి. ఆ కాలంలోనే రోము కాగితాల మీద గోల్కొండ ఒక బిషప్పు పరిధిలోకి వచ్చింది. ఆయన తెల్లదొర కాదు. గోవా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మతేయు ద కాస్ట్రో, లాటిన్ సంప్రదాయంలో తొలి భారతీయ బిషప్పు. మన వైపు ఆయన అధికారం పేరుకే అనుకోండి, పనంతా బీజాపూరు దిక్కునే సాగింది. అయినా పట్టా పుచ్చుకునే రోజున వినదగ్గ కథ ఆయనది.

గోవాలో పోర్చుగీసు ఆర్చిబిషప్పు ఆయనకు గురుపట్టం, అంటే ఫాదరీ హోదా, ఇవ్వనన్నాడు. ఈయన భూమార్గాన బయల్దేరి 1625లో రోము చేరాడు. మతప్రచారం చూసుకోవడానికి 1622లో పోపు పెట్టిన సంఘం ఆయన్ని చేరదీసింది. చదువుకుని, గురువై, సొంత ఊరికి తిరిగొచ్చాడు. గోవా పెద్దలు ఆ కాగితాలు చూసి, తప్పుడు సమాచారమిచ్చి సంపాదించినవన్నారు. సాక్షాత్తు రోము ముద్రే చెల్లలేదు! మళ్లీ రోము ప్రయాణం. 1637లో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు, అదీ గుట్టుగా, పోర్చుగీసువాళ్లకు తెలిస్తే అడ్డుపడతారని.

గోవాలో నిలవనివ్వకపోతే ఆయన పక్కనే బీజాపూరు సుల్తాను నేల మీద, బిచోలింలో మకాం పెట్టాడు. అక్కడే దేశీయులకు గురుపట్టాలిచ్చాడు. చర్చిని నడపడానికి ఈ దేశపు మనుషులు చాలు అన్నది ఆయన పట్టుదల. సంస్కరణ అంటే నా లెక్కలో అదే.

అలాగని ఆయన్ని పీటమీద కూర్చోబెట్టి పూజించమనను. 1653లో ఆయన రాసిన గ్రంథం పేరు ‘బ్రాహ్మణుల దర్పణం’. తనవాళ్లకు జరిగిన అన్యాయం మీద అంత మండిపడ్డ మనిషికి, తనవాళ్లు పక్కవాళ్లకు చేసేది అంతగా కంటికానలేదు. డచ్చివాళ్లతో, బీజాపూరుతో కలిసి కుట్ర చేశాడన్న నింద కూడా మోశాడు. చివరికి 1677లో, సొంత గడ్డకు దూరంగా, రోములో పోయాడు.

ఏలూరు మేత్రాసనం 1976లో ఏర్పడింది. తొలి బిషప్పు ములగాడ జాన్ గారు తెలుగువారే. కాస్ట్రో అభిషేకానికీ దానికీ మధ్యలో మూడు వందల ఏళ్లకు పైగా గడిచాయి.

ఇంట్లో తొలి డిగ్రీ అందుకునేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. సర్టిఫికెట్లన్నీ తిరగేశాక కూడా, గొంతు తగ్గించి, “ఇంతకీ మీరేవిట్లు?” అని అడిగే పెద్దమనుషులు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్లకేం చెప్పాలో మీ ఇష్టం. పదేళ్లు పోతే ఆ బల్లకు అవతల కుర్చీలో మీరే కూర్చుంటారు. అప్పుడు కాగితం చూడండి, పని వచ్చో రాదో కనుక్కోండి, ఆ మాట మాత్రం అడగకండి.